ఇద్దరు టాన్‌లు, రెండు ఇంటిపేర్లు

సంపాదకుడికి,

బ్యాడ్మింటన్ వార్తల్లో చైనా పేర్లు రాసేటప్పుడు క్రీడా విభాగం ఒక్క విషయం చూసుకోవాలి. ఇంగ్లీషు స్పెల్లింగు ఒకటైనంత మాత్రాన ఇంటిపేరు ఒకటి కాదు. 2024 పారిస్ ఒలింపిక్స్ మహిళల డబుల్స్ సెమీస్‌లో మలేసియా పెర్లీ టాన్, చైనా టాన్ నింగ్ ఇద్దరూ వేర్వేరు మ్యాచ్‌ల్లో ఆడారు. చైనా లిపిలో వీరి ఇంటిపేర్లకు అక్షరాలే వేరు. టాన్ నింగ్ ఇంటిపేరు హాంకాంగ్‌లో ‘తామ్’ అవుతుంది. పెర్లీది మాత్రం చెన్. 2001 ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో మన గోపీచంద్ చేతిలో ఓడిన చెన్ హాంగ్‌దీ అదే.

నేటి హెనాన్ రాష్ట్రంలో చెన్ అనే చిన్న రాజ్యం ఉండేది. క్రీ.పూ. 5వ శతాబ్దిలో చూ రాజ్యం దాన్ని కలిపేసుకుంది. రాజ్యం పోయినా పేరు ఇంటిపేరుగా మిగిలింది. దాని తొలి హల్లు ఒకప్పుడు ‘ద’కు దగ్గరగా పలికేది. ఉత్తరాదిన అది ‘చ’గా మారింది. ఆగ్నేయ చైనాలోని ఫుజియన్ రాష్ట్రపు దక్షిణ తీరంలో ‘త’గా నిలిచింది. మలేసియా, సింగపూర్, ఇండోనేషియాలకు ఎక్కువగా వలస వెళ్లింది ఆ తీరంవాళ్లే కనుక అక్కడ టాన్‌లు కనిపిస్తారు (ఇంగ్లీషు చూసి ‘టా’ అంటున్నాం గానీ ‘తాన్’ అంటేనే దగ్గర). హాంకాంగ్‌లో చాన్, వియత్నాంలో త్రాన్. టాన్‌ను చెన్‌కు అపభ్రంశం అనుకోకూడదు, పాత పలుకును నిలుపుకున్నది అదే.

ఇంకో చిక్కు ‘ఎన్‌జీ’ (Ng) అనే ఇంటిపేరు. రెండు ఇంగ్లీషు అక్షరాలుగా విడదీసి చదివితే అది పేరే కాదు. మన వర్ణమాలలో పనిలేక కూర్చున్న ‘ఙ’ పలుకు అది. చైనా ప్రామాణిక భాషలో చూస్తే, హాంకాంగ్ కుటుంబమైతే దాని వెనక సాధారణంగా ‘వూ’, ఫుజియన్ మూలాలవారైతే ‘హ్వాంగ్’ ఉంటుంది.

పేరు కుదించాల్సి వస్తే ముందుగా దేశం చూడాలి. చైనా క్రీడాకారిణి హె బింగ్జియావో ఇంటిపేరు ‘హె’. పూసర్ల వెంకట సింధులాగే ఇంటిపేరు ముందుంటుంది. శీర్షికలో ఒంటి ‘హె’ బాగుండదనుకుంటే పూర్తి పేరే వేయండి. పెర్లీ టాన్‌లా పాశ్చాత్య పేరు ముందుంటే ఇంటిపేరు చివరికి వెళ్తుంది. వియత్నాంలో ఇంటిపేరు ముందే ఉన్నా మనిషిని పిలిచేది చివరి మాటతో. అనుమానమొస్తే ఒలింపిక్స్ జాబితా చూస్తే చాలు, అందులో ఇంటిపేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది.

ఇండోనేషియాలో 1960ల్లో ప్రభుత్వ ఒత్తిడితో చాలామంది చైనా సంతతివారు పేర్లు మార్చుకున్నారు. ఆల్ ఇంగ్లండ్ 8 సార్లు గెలిచిన రూడీ హార్టోనో పుట్టినప్పటి పేరు నియో హాప్ లియాంగ్. అలాంటివారికి వాడుకలో ఉన్న పేరే రాయాలి, పాత పేరు తవ్వి తగిలించనక్కర్లేదు.

– ఒక పాఠకుడు, విజయవాడ