మానసిక గాయానికి విడిగా లెక్క కట్టాలి

సంపాదకులు గారికి,

రోడ్డు ప్రమాద వార్తల చివర 'మిగిలినవారు స్వల్ప గాయాలతో బయటపడ్డారు' అన్న వాక్యం తరచూ కనిపిస్తుంది. ఆ మిగిలినవారిలో కొందరికి నెలల తరబడి కంటిమీద కునుకు ఉండదని, బండి ఎక్కాలంటే ఒళ్లు వణుకుతుందని, చివరికి చేస్తున్న పని కూడా మానుకుంటారని పరిహారపు కేసులు వాదించిన న్యాయవాదిగా నాకు తెలుసు. విరిగిన ఎముకను ఎక్స్‌రేలో చూసి లెక్క కట్టే మన విధానంలో వీరి నష్టానికి విడిగా పద్దు లేదు. ఉండాలన్నదే నా విన్నపం.

ఈ విషయంలో చట్టం పూర్తిగా మౌనంగా ఉందని అనలేం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 168వ సెక్షన్, ప్రమాద పరిహారపు కేసులు విచారించే ట్రిబ్యునల్‌ను 'న్యాయమైన పరిహారం' నిర్ణయించమంటుంది. అయితే ఆ ట్రిబ్యునల్ గడప తొక్కాలంటే 165వ సెక్షన్ ప్రకారం మరణమో, శరీర గాయమో, ఆస్తి నష్టమో జరిగి ఉండాలి. ఒంటిమీద గీత కూడా పడనివారికి చిక్కు అక్కడే మొదలవుతుంది. గాయపడినవారి విషయంలో రాజ్‌కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన తీర్పు నేటికీ దారి చూపుతోంది. చికిత్స ఖర్చులు, కోల్పోయిన సంపాదన, భవిష్యత్తు వైద్యం వంటి వాటితో పాటు, గాయాల పర్యవసానంగా కలిగే నొప్పి, బాధ, ఆఘాతాలకు కూడా పరిహారం ఇవ్వాలని ఆ తీర్పు చెప్పింది. ఆచరణలో జరుగుతున్నదేమిటంటే, ఆ మూడింటినీ ఒకే గాటన కట్టి, ఒక్క వాక్యంలో ఏదో ఒక మొత్తాన్ని గుండుగుత్తగా రాసేస్తున్నారు. నేను చూసిన తీర్పుల్లో కాలి నొప్పికి ఎంత, మనసు చెదిరినందుకు ఎంత అని విడదీసి చెప్పినవి బహు అరుదు.

అదే తీర్పులో మరొక మంచి మాట ఉంది. వైకల్య ధ్రువపత్రంలోని శాతాన్ని ఉన్నదున్నట్టు సంపాదన నష్టంగా తీసుకోరాదని, ఆ వైకల్యం ఆ మనిషి చేసే పనిపై ఎంత ప్రభావం చూపుతుందో ట్రిబ్యునల్ పరిశీలించాలని న్యాయస్థానం చెప్పింది. చెయ్యి పోయిన డ్రైవరుకు లేదా వడ్రంగికి జీవనోపాధే పోవచ్చు, గుమాస్తాకు అంత నష్టం కాకపోవచ్చు. ఈ సూత్రాన్ని మనసుకు ఎందుకు వర్తింపజేయకూడదు? కాళ్లూ చేతులూ బాగానే ఉండి, స్టీరింగు పట్టుకోగానే ఊపిరాడని డ్రైవరు సంపాదన ఆ రోజుతోనే ఆగిపోయినట్టు కాదా? అతనికి బాధ పద్దు కింద కొంత విదిల్చి సరిపెట్టడం కాక, సంపాదన నష్టం కిందే పరిహారం లెక్క కట్టాలి.

'మనసులోని బాధను ఎలా కొలుస్తారు, ఎవరైనా నటించవచ్చు కదా' అని బీమా కంపెనీల తరఫు వకీళ్లు అడుగుతారు. అడగడం వారి వృత్తి ధర్మం, తప్పు పట్టను. కానీ నడుము నొప్పిని నటించలేరా? దానికి డాక్టరు సాక్ష్యం, క్రాస్ ఎగ్జామినేషన్ ఉన్నట్టే దీనికీ ఉంటాయి. పైగా 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని వైకల్యంగా గుర్తించింది. దాని తీవ్రతను కొలవడానికి ఐడియాస్ అనే కొలమానాన్ని మన ప్రభుత్వ వైద్యులే వాడుతున్నారు. వైద్య బీమాలో మానసిక వ్యాధిని శారీరక వ్యాధితో సమానంగా చూడాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆదేశించింది. పాలసీ ఇచ్చేటప్పుడు ఒప్పుకోవలసిన సమానత్వాన్ని పరిహారం చెల్లించేటప్పుడు కాదనడం ఏ న్యాయం?

ఈ అపనమ్మకం కొత్తదేమీ కాదు. రైల్వే గేటు దగ్గర గేటుమన్ నిర్లక్ష్యం వల్ల రైలు ఢీకొనడం తృటిలో తప్పి, ఆ భయానికి తీవ్రంగా జబ్బుపడిన ఒక ఆస్ట్రేలియా మహిళకు పరిహారం రాదని, నాటి బ్రిటిష్ వలసలకు చివరి అప్పీలు న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిల్ 1888లో తేల్చింది. ఇంగ్లండు న్యాయస్థానాలు 1901 నుంచే ఆ మాట నుంచి పక్కకు జరగడం మొదలుపెట్టాయి. మనం మాత్రం చట్టాల నిర్వచనాల్లో ఇంకా శరీరం దగ్గరే ఆగిపోయాం. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాతి 164వ సెక్షన్‌నే చూడండి: తప్పు ఎవరిదని నిరూపించనక్కరలేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు ఇమ్మంటుంది. తీవ్ర గాయం అంటే ఏమిటన్నది పాత శిక్షాస్మృతి 320వ సెక్షన్ చెప్పినదే. ఆ జాబితా ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో ఉంది. చూపు పోవడం, వినికిడి పోవడం, ముఖం శాశ్వతంగా వికృతం కావడం, ఎముక విరగడం అన్నీ అందులో ఉన్నాయి. పన్ను విరిగినా అది తీవ్ర గాయమే. ఏడాది పాటు పీడకలలతో మందుల మీద బతికితే మాత్రం కాదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది గడువు. ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపే దరఖాస్తు చేయాలన్న నిబంధనను 166వ సెక్షన్‌లోకి 2019 సవరణ తెచ్చింది. దాని చెల్లుబాటును ప్రశ్నించే పిటిషన్లు సుప్రీంకోర్టుకు చేరాయి. ప్రమాదానంతర మానసిక రుగ్మత కొందరిలో ఆలస్యంగా, అంటే ఆరు నెలలు దాటాకే పూర్తి స్థాయిలో బయటపడుతుందని మనోవైద్యుల ప్రామాణిక నిర్ధారణ గ్రంథాలు ప్రత్యేకంగా పేర్కొంటాయి. అంటే జబ్బు తేలేసరికే తలుపు మూసే గడువన్నమాట. శరీర గాయాల వరకు ఆ గడువు సబబో కాదో న్యాయస్థానం చూస్తుంది. మానసిక రుగ్మతకు మాత్రం నిర్ధారణ జరిగిన నాటి నుంచే గడువు లెక్కించాలని పార్లమెంటు చట్టంలో స్పష్టంగా రాయాలి.

ప్రతి భయానికీ, నాలుగు రోజుల దిగులుకూ డబ్బు ఇమ్మని నేను అడగడం లేదు. మనోవైద్యుడు నిర్ధారించిన, రోజువారీ జీవితాన్ని దెబ్బతీసిన రుగ్మతకే ఈ పద్దు వర్తించాలి. చట్టం మారేలోగా ట్రిబ్యునళ్లు చేయగలిగిన పని ఒకటుంది. దరఖాస్తుదారు కోరితే మెడికల్ బోర్డులో మనోవైద్యుడు ఉండేలా చూసి, ఆయన నివేదికపై విడిగా కారణాలు రాసి మొత్తాన్ని నిర్ణయించవచ్చు. దీనికి కొత్త చట్టం అక్కరలేదు.

బాధితులకు కూడా ఒక సూచన. చాలా కేసులు వీగిపోయేది బాధ లేక కాదు, కాగితం లేక. ప్రమాదం తర్వాత నిద్ర పట్టకపోతే, భయం వదలకపోతే ఆ సంగతి ఎముకల డాక్టరుకైనా చెప్పి డిశ్చార్జి సమ్మరీలో రాయించుకోవాలి. వీలైనంత త్వరగా మనోవైద్యుణ్ని కలిసి, ఆ చీటీలు దాచుకోవాలి. కేసు వేశాక మొదటిసారి వైద్యుడి దగ్గరకు వెళ్లినవారిని అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న, 'ఇంతకాలం ఎందుకు వెళ్లలేదు' అన్నదే.

భవదీయుడు,
ఒక విశ్రాంత న్యాయవాది