నిద్రగన్నేరు నీడలో తొలి రోజులు

సింగపూర్

ప్రియ మిత్రమా,

మేము ఇక్కడికి చేరి నేటికి 22 రోజులైంది. వచ్చిన రోజున ఫోనులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశానని నువ్వు నొచ్చుకుని ఉంటావు. రెండు పెట్టెలు, ఖాళీ ఇల్లు, ఒళ్ళంతా చెమట తప్ప ఆ రోజు చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. ఇప్పుడు చాలా ఉంది కనుక తీరికగా కూర్చుని రాస్తున్నాను.

అన్నింటికన్నా ముందు మమ్మల్ని తికమకపెట్టినది పొద్దు. ఈ ఊరు భూమధ్యరేఖకు 137 కిలోమీటర్ల దూరంలోనే ఉండటం వల్ల ఏడాది పొడవునా పగలూ రాత్రీ ఇంచుమించు సమానంగా ఉంటాయి. ఉదయం ఏడింటికి తెల్లవారి, సాయంత్రం ఏడింటికి చీకటి పడుతుంది. 1982 జనవరి 1న మలేషియాతో పాటు ఇక్కడి గడియారాలను కూడా అరగంట ముందుకు జరిపారు కాబట్టి సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఒంటిగంట దాటుతుంది. ఆరున్నరకు లేచి కిటికీ తీస్తే ఇంకా చీకటిగానే ఉంటుంది, ఎక్కడి నుంచో కోయిల మాత్రం అరుస్తూ ఉంటుంది. వసంతం వచ్చిందనుకోవడానికి ఇక్కడ రుతువులే లేవు, అయినా ఆ గొంతు వినగానే మా ఇద్దరికీ ప్రాణం లేచి వచ్చినట్టయింది.

ఇల్లు తోవా పాయో అనే పేటలో దొరికింది, తొమ్మిదో అంతస్తు. ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టించిన ఫ్లాటు. ఈ దేశంలో నివసించేవారిలో నాలుగింట మూడు వంతులకు పైగా ఇటువంటి ఇళ్ళలోనే ఉంటారు. అద్దె ఒప్పందం మీద సంతకం చేసిన 14 రోజుల్లోగా స్టాంపు సుంకం కట్టాలి, మూడు నెలలకోసారి ఏసీని శుభ్రం చేయించాలి. ఆ కాగితాల సంగతి నాకు రెండు రోజుల్లో తేలిపోయింది. నిజమైన కాపురం పెట్టే పని మాత్రం మా ఆవిడ మీద పడింది.

ఈ మాట నీకు వివరంగా చెప్పాలి. నాకు పొద్దున్నే వెళ్ళడానికి ఆఫీసు ఉంది, అక్కడ పలకరించే మనుషులు ఉన్నారు. ఆమె పదేళ్ళు చేసిన ఉద్యోగం వదులుకుని నాతో వచ్చింది. ఆమె చేతిలో ఉన్నది డిపెండెంట్స్ పాస్, అంటే ఇక్కడ ఉద్యోగం చేసేవారి కుటుంబానికి ఇచ్చే నివాస అనుమతి. 2021 మే నుంచి ఆ పాస్ మీద ఉన్నవారు ఇక్కడ ఉద్యోగం చేయాలంటే విడిగా వర్క్ పాస్, అంటే ఉద్యోగ అనుమతి, సంపాదించుకోవాలి. మొదటి వారం సాయంత్రం నేను తలుపు తీసేసరికి ఆమె వంటింటి కిటికీ దగ్గర నిలబడి కిందికి చూస్తూ ఉండేది. ఏమైనా తిన్నావా అంటే తిన్నానని చెప్పేది. ఆ చూపు చూసినప్పుడల్లా నా కడుపులో దేవినట్టుండేది.

ఆ కిటికీయే ఆమెకు ఈ ఊరిని నేర్పింది. దాని బయట వరుసగా గొట్టాలు బిగించి ఉంటాయి. ఉతికిన బట్టలను పొడవాటి వెదురు గడకు ఎక్కించి, చొక్కా చేతుల్లోంచి గడను దూర్చి, క్లిప్పులు పెట్టి, ఆ గడను అడ్డంగా బయటికి తోసి దాని మొదలును గొట్టంలో దిగేయాలి. తడిబట్టల బరువుతో గడ కొస కిందికి వంగుతుంది, మణికట్టు నొప్పి పుడుతుంది. వాడనప్పుడు ఆ గొట్టాలకు మూతలు పెట్టాలి, లేకపోతే అందులో నిలిచిన వాన నీటిలో డెంగీ దోమలు గుడ్లు పెడతాయి. ఏడాదిలో 150 రోజులకు పైగా ఉరుములతో వాన పడే ఊరిది. మేము దిగిన ఈ మే నెలలో తెల్లవారుజామున పక్కనున్న సుమత్రా దీవి వైపు నుంచి గాలివానలు కూడా తోసుకొస్తాయి, వాటిని ఇక్కడివాళ్ళు సుమత్రాలనే పిలుస్తారు. రెండోసారి ఉతికిన దుప్పట్లు కూడా తడిసి ముద్దయిన రోజున ఆమె ఏడ్చింది. అదే వారంలో బీరువాలో పెట్టిన నా తోలు చెప్పులకు తెల్లటి బూజు పట్టింది.

పక్క ఫ్లాటులో ఒక మలయ్ పెద్దావిడ ఉంటారు. ఆ దుప్పట్ల గోల చూసి ఆవిడే వచ్చి, మా ఆవిడను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కింద ఉన్న పెద్ద గొడుగు లాంటి చెట్టును చూపించారట. ఆకులు ముడుచుకోవడం మొదలైతే బట్టలు లోపలికి లాగేసుకోమన్నారట. ఆ చెట్టు మబ్బు కమ్మినా ముడుచుకుంటుంది, సాయంత్రం పొద్దు వాలినా ముడుచుకుంటుంది, అందుకే మలయ్ భాషలో దాన్ని పుకుల్ లిమా, అంటే అయిదు గంటలు, అంటారని చెప్పారట. మా ఆవిడ తేరిపార చూసి గుర్తుపట్టింది. అది మన నిద్రగన్నేరు! వాళ్ళ బడి ముందు ఉండేదట. నిద్రపోయే చెట్టని మేమూ పేరు పెట్టుకున్నామని ఆమె వచ్చీరాని ఇంగ్లీషులో చెబితే, ఆ పెద్దావిడ ఆ పేరును మూడుసార్లు పలికించుకుని నేర్చుకున్నారట. ఆ సాయంత్రం నేను తలుపు తీయకముందే ఆమె ఎదురొచ్చి ఈ కథంతా గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

ఆ మర్నాటి నుంచి ఆమె ఒంటరిగా బయటికి వెళ్ళడం మొదలుపెట్టింది. లిటిల్ ఇండియాలోని టెక్కా మార్కెట్టుకు రైల్లో వెళ్ళి కరివేపాకు, ములక్కాడలు తెచ్చింది. పుట్టిల్లు చిత్తూరు వైపు కావడం వల్ల తమిళం ఆమె చెవికి కొత్త కాదు. అది ఇక్కడి నాలుగు అధికార భాషల్లో ఒకటి కావడంతో స్టేషన్ల బోర్డుల మీద ఆ అక్షరాలు కనబడగానే దారి తెలిసినట్టే ఉంటుందని అంటోంది. చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకే చోట ఉండే హాకర్ సెంటర్‌లో తిన్నాక పళ్ళేన్ని మనమే తీసుకెళ్ళి అప్పగించాలన్న నియమం కూడా నాకు ఆమే చెప్పింది.

నిన్న ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం ఇంట్లోనే ఉన్నాము. నేను ఈ ఉత్తరం మొదలుపెట్టబోతుంటే ఆమె కిటికీలోంచి కిందికి చూసి, ఆకులు ముడుచుకుంటున్నాయి, లేవండి అంది. ఆకాశం ఇంకా సగం నీలంగానే ఉంది. చెరో కొసా పట్టుకుని నాలుగు గడలూ లోపలికి లాగి, వంటింట్లో కుర్చీల మీద ఆనించాము. ఆఖరి గడ లోపలికి వచ్చాక పది నిమిషాలకు వాన కొట్టింది. పక్కింటి పెద్దావిడ గోడ మీద రెండుసార్లు తట్టారు, మా ఆవిడ కూడా తిరిగి రెండుసార్లు తట్టింది.

ఇంట్లో అందరినీ అడిగానని చెప్పు. నువ్వు తప్పకుండా రాయి.

నీ మిత్రుడు