మనాలి–లేహ్ సైకిల్ ట్రిప్: వచ్చేవాళ్లు తప్పక చదవండి

అన్నలూ, తమ్ముళ్లూ, కాళ్ల బలం సంగతి తర్వాత, ముందు ఊపిరి సంగతి. మన వరంగల్ ఎత్తు దాదాపు 300 మీటర్లు. అక్కడ తంగ్లాంగ్ లా కనుమ 5,300 మీటర్ల పైనే. 3,000 దాటాక, రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదంటారు. అందుకే దారిలో జిస్పా అనే ఊళ్లో ఒక రోజు ఊరికే ఉంటున్నాం. "దమ్ముంది, పోదాం పా" అనేవాళ్లకు ముందే దండం. తలనొప్పితో వాంతులు మొదలైతే ఎక్కుడు లేదు, కిందికి దిగుడే.

ఆ దారిలోనే గాటా లూప్స్ అనే ఎక్కుడు రోడ్డులో 21 మలుపులున్నాయి. హన్మకొండ రోడ్ల మీద ఎంత తొక్కినా దానికి సరిపోదు. ఆదివారం నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కుదాం, లగేజ్ కట్టుకునే. ఉత్త సైకిల్‌తో ఎక్కితే లెక్కలోకి రాదు.

మన ప్రీపెయిడ్ సిమ్‌లు లద్దాఖ్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోండి. స్పోకులు, బ్రేక్ ప్యాడ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.

కాజీపేటలో సైకిళ్లు రైలు పార్సిల్‌లో బుక్ చేసేముందు పెడల్స్ విప్పాలి. ఎడమ పెడల్ మర రివర్స్, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితేనే ఊడుతుంది. బలవంతం చేసి మర కొట్టేయకండి.

టికెట్లు తీయాలి, గురువారంలోపు పేర్లు ఖాయం చేయండి.