కొత్త హార్డ్ డిస్క్ కనిపించట్లేదని వచ్చేవాళ్లకు: మా షాపులో మారిన రేట్లు

మన కస్టమర్లందరికీ నమస్కారం.

"అన్నా, డెడ్ పీసు అంటగట్టారు, సిస్టమ్‌లో కనిపించట్లేదు" అంటూ కొత్త హార్డ్ డిస్క్ పట్టుకొచ్చేవాళ్లు ముహూర్తాలు మొదలైతే చాలు, వరస కడతారు. ఎక్కువ మంది ఫోటో స్టూడియోల వాళ్లే. కొందరు ఆన్‌లైన్‌లో రిటర్న్ కూడా పెట్టేసి, నా చేత ఒక మాట అనిపించుకుందామని వస్తారు. తీరా చూస్తే చాలా డిస్కులు నిక్షేపంగా ఉంటాయి. అందుకే రేట్లు మార్చాం.

డిస్క్ విండోస్‌కి అందుతూ, ఇనిషియలైజ్ చేయకపోవడం (అంటే కొత్త డిస్క్‌ని మొదటిసారి వాడకానికి సిద్ధం చేయకపోవడం) వల్లే ఆగిపోయి ఉంటే రూపాయి కూడా తీసుకోం. ఫోన్ చేస్తే ఫోన్లోనే చెప్పేస్తాం. క్యాబినెట్ విప్పాల్సి వస్తే 300. డిస్క్ మా దగ్గర కొన్నా, బయట కొన్నా ఇదే రేటు.

సిస్టమ్ లోపల బిగించే కొత్త డిస్క్ మామూలుగా పార్టిషన్ (ఫైళ్లు పెట్టుకోడానికి విడదీసిన భాగం) లేకుండానే వస్తుంది. అందుకే 'దిస్ పీసీ'లో వెతికితే దొరకదు. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కింది వరసల్లో నల్ల పట్టీతో 'అన్‌అలొకేటెడ్' అని, ఎడమ పక్కన 'నాట్ ఇనిషియలైజ్డ్' అని ఉంటే మీ డిస్క్ బతికే ఉంది. ఇనిషియలైజ్ చేసి, ఖాళీ జాగా మీద రైట్ క్లిక్‌తో న్యూ సింపుల్ వాల్యూమ్ ఇస్తే అయిపోతుంది.

ఇనిషియలైజ్ చేసేటప్పుడు ఎంబీఆర్, జీపీటీ అని రెండు అడుగుతుంది. డిస్క్‌లో ఏ భాగం ఎక్కడుందో రాసుకునే పద్ధతులివి, ఎంబీఆర్ పాతది, జీపీటీ కొత్తది. జీపీటీ పెట్టండి. మొన్న ఒక స్టూడియో ఆయన 4 టీబీ డిస్క్ తెచ్చి, "సగం సైజే ఇచ్చారు, మోసం" అని గొడవ. తెరిచి చూస్తే 2048 జీబీ ఒక ముక్క, మిగతా దాదాపు 1678 జీబీ ఎందుకూ పనికిరాకుండా పక్కన పడి ఉంది. ఎంబీఆర్ 2 టీబీ దాటి చూడలేదు, అంతే సంగతి. ఆయన అందులో అప్పటికే రెండు పెళ్లిళ్ల వీడియో వేసేశారు. అదంతా వేరే డిస్క్‌లోకి తీసి, జీపీటీకి మార్చి, మళ్లీ ఎక్కించేసరికి పొద్దుపోయింది. ఖాళీగా ఉన్నప్పుడైతే రెండు నిమిషాల పని. (4 టీబీ 3.6గా, 1 టీబీ 931 జీబీగా కనిపించడం మాత్రం మోసం కాదు. కంపెనీ లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో.)

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నా. ఇదంతా ఖాళీ డిస్క్‌కే. డేటా ఉన్న పాత డిస్క్ పెట్టినప్పుడు 'ఇనిషియలైజ్' అనో 'ఫార్మాట్' అనో అడిగితే ఏదీ నొక్కకండి, తీసి పక్కన పెట్టండి. డేటా రికవరీ మేం చేయం. హైదరాబాద్ పంపాలి, ఖర్చు బాగా అవుతుంది, ఫైళ్లు వస్తాయన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వరు.

డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే కాదు, బయోస్‌లో (సిస్టమ్ ఆన్ చేయగానే విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) కూడా కనిపించకపోతే అప్పుడు విప్పాలి. ముందు సాటా కేబుల్ (డిస్క్‌ని మదర్‌బోర్డ్‌కి కలిపే వైరు) మార్చి చూస్తాం, తర్వాత వేరే పోర్టు, ఆ తర్వాత ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు ఇచ్చే డబ్బా) నుంచి వచ్చే పవర్ వైరు. ఎం.2 కార్డులతో (మదర్‌బోర్డ్ మీదే గుచ్చే సన్నటి డిస్కులు) ఇంకో చిక్కు. వీటిలో సాటా, ఎన్‌వీఎంఈ అని రెండు రకాలు. స్లాటులో చక్కగా కూర్చుంటుంది, కానీ ఆ స్లాటు ఎన్‌వీఎంఈకి మాత్రమే అయితే సాటా రకం కార్డు పలకదు. కొన్ని బోర్డుల్లో ఎం.2 పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, దాంతో కొత్తది వచ్చి పాతది పోయిందని టెన్షన్ పడతారు. కాబట్టి కొనేముందే మదర్‌బోర్డ్ మోడల్ నంబర్ ఫోటో తీసి పంపండి, ఏది పడుతుందో చూసి చెబుతాం. దీనికీ ఛార్జీ లేదు.

యూఎస్‌బీ డిస్క్ అయితే క్యాబినెట్ వెనక పోర్టులో, డబ్బాలో వచ్చిన కేబుల్‌తోనే పెట్టి చూడండి. ముందు పోర్టుల్లో పవర్ చాలక లైటు వెలిగి ఊరుకునేవి బోలెడు. అప్పుడూ టక్ టక్ మని కొట్టుకుంటుంటే ఇంక ప్రయోగాలు వద్దు, వెంటనే వెనక్కి ఇచ్చేయండి.

రిటర్న్ కోసం "డిస్క్ పాడైంది" అని మా లెటర్‌హెడ్ మీద రాసివ్వమని అడుగుతున్నారు. నిజంగా పాడైతే రాసిస్తాం. బాగున్నదానికి మాత్రం, ఎంత కావాల్సినవాళ్లు అడిగినా రాయలేం.