కల్తీ పోలిష్ అట!

సంపాదకులు గారికి,

రెండు వారాల కిందటి ఆదివారం అనుబంధంలో పోలండ్, చెక్ దేశాల సరిహద్దున పారే ఓల్జా నది మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. కోపం తగ్గాక రాద్దామని ఆగాను, తగ్గలేదు. చెక్ వైపు ఉన్న పోల్స్, అంటే పోలిష్ జాతివాళ్లు, మాట్లాడేది "చెక్ కలిసి చెడిపోయిన కల్తీ పోలిష్" అని మీ విలేకరి ఒక్క ముక్కలో తేల్చేశారు. కల్తీ కావడానికి అదేమైనా పాలా?

మా అబ్బాయికి చెక్ దేశంలోని ఒస్త్రావాలో ఉద్యోగం. పోయినేడు మూడు నెలలు అక్కడే ఉన్నాను. వాడితో పనిచేసే పోలిష్ కుర్రాడిది త్రినెట్స్, చెక్ వైపే ఉక్కు ఫ్యాక్టరీ ఉన్న ఊరు. ఇంట్లో మాట్లాడేదాన్ని వాళ్లు 'పో నషిము' అంటారు, అంటే మనవాళ్ల తీరులో అని. చుట్టుపక్కల చెక్ కుటుంబాల్లోనూ ఆ మాట వినిపిస్తుంది. బడిలో ప్రామాణిక పోలిష్, ఆఫీసులో చెక్, గడప లోపల ఇది.

1920లో పెద్ద దేశాల రాయబారులు కూర్చుని ఓల్జా ఒడ్డునున్న చెషిన్ పట్టణాన్ని నది వెంబడి రెండుగా కోశారు. పాత ఊరూ కోటా పోలండ్‌కు, రైల్వే స్టేషను చెకొస్లొవేకియాకు! ఇక చెక్ వైపు పడ్డ పోల్స్‌కు గుర్తింపు కార్డు ఇచ్చేదీ, ఇల్లంటుకుంటే బండి పంపేదీ చెక్ సర్కారే కదా. అందుకే కార్డు 'ఒబ్చాంకా' అయింది, మంటలార్పేవాళ్లు 'హసిచె' అయ్యారు. అంతకుముందు ఆస్ట్రియా ఏలుబడిలో చేరిన జర్మన్ మాటలు సరేసరి. మాట బయటిదైనా దానికి తగిలించే ప్రత్యయం ఇంటిదే. 'ఉంటిని' అనడానికి వార్సాలో 'బివెమ్' అంటే వీళ్లు 'బివెఖ్' అంటారు. ఆ చివరి 'ఖ్' పాత స్లావిక్ భూతకాలపు ఆనవాలు, ప్రామాణిక పోలిష్ దాన్ని ఎప్పుడో పారేసుకుంది. మరి చెడిపోయిందెవరిది?

మాది తమిళనాడులోని హోసూరు. మేము 'పోతిని' అంటే కోస్తా చుట్టాలు నవ్వుతారు. పొలం కాగితాన్ని 'చిట్టా' అంటే చిత్తూరు బావమరిది తెల్లమొహం వేస్తాడు. ఆయనకు అది ఆంధ్రా రెవెన్యూ ఆఫీసు వాళ్ల 'వన్-బి'. అదేదో అచ్చ తెలుగైనట్టు! ఏ ఆఫీసు గుమ్మం ముందు నిలబడితే ఆ ఆఫీసు మాటే నోటికొస్తుంది. పని మాత్రం ఏ భాషలో అడిగినా రేపు రమ్మంటారు, అది వేరే సంగతి.

పోల్స్ నూటికి పదిమందైనా ఉన్న ఊళ్లలో బోర్డు మీద పోలిష్ పేరు కూడా పెట్టుకునే వీలు అక్కడి చట్టంలో ఉంది. రాత్రికి రాత్రి ఆ పేరు మీద రంగు పూసిపోయే ఘనులూ ఉన్నారు. వ్యాసంలో దీని ఊసే లేదు. బీరు గురించి మాత్రం పావు పేజీ.

ఇక ఊరి పేరును మూడు చోట్ల మూడు రకాలుగా అచ్చేశారు. ప్రూఫులు దిద్దేవాళ్లను ఇంటికి పంపేశారా? ఇంతకీ ఆ వ్యాసం శీర్షిక 'బోర్డర్ టౌన్‌లో బ్యూటిఫుల్ వీకెండ్'. కల్తీ గురించి మాట్లాడుతున్నది మీరు!

సవరణ వేసేటట్టయితే ఆదివారం అనుబంధంలోనే వేయండి, లోపలి పేజీలో టెండరు ప్రకటనల కింద కాదు.

— ఒక పాత చందాదారు, హోసూరు