మిల్లు సైరనూ వెట్టిచాకిరీ ఒకే కాలంలో

సంపాదకులకు నమస్కారం.

మా మనవరాలు ఫ్రెంచి విప్లవం 1789 అంటూ ఒక పాఠాన్ని, పారిశ్రామిక విప్లవం అంటూ మరో పాఠాన్ని వేర్వేరుగా వల్లెవేస్తుంటే విన్నాను. ముప్పయ్యేళ్లు సాంఘికశాస్త్రం బోధించిన నేను కూడా అలాగే చెప్పాను కనుక ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

మా తాత వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవారు. పడుగు పోగుల మధ్య నుంచి నాడెను ఈ చేత్తో తోసి ఆ చేత్తో అందుకోవడం, పేకను పంజాతో దట్టంగా కొట్టడం చిన్నప్పుడు గంటల తరబడి చూశాను. ఇంగ్లండులో 1733లో జాన్ కే, తాడు లాగితే నాడె దానంతటదే అటూఇటూ పరుగెత్తే ఏర్పాటు కనిపెట్టాడు. నేత వేగం పెరగడంతో నూలు చాలక, ఒకేసారి ఎనిమిది కదుర్లు తిప్పే హార్‌గ్రీవ్స్ యంత్రం, నీటి బలంతో నడిచే ఆర్క్‌రైట్ యంత్రం వచ్చాయి. నూలు గుట్టలు పడ్డాక దాన్ని నేయడానికి 1785లో కార్ట్‌రైట్ మరమగ్గం తయారైంది.

ఆ యంత్రాలకు కావలసిన పత్తిలో అధికభాగం కొన్ని దశాబ్దాల్లోనే అమెరికా దక్షిణాది రాష్ట్రాల బానిసల చేతుల మీదుగా రాసాగింది. 1793 నాటి విట్నీ గింజలు తీసే యంత్రం బానిసత్వాన్ని తగ్గించకపోగా మరింత విస్తరింపజేసింది. ఇటు మానవ హక్కుల ప్రకటన చేసిన ఫ్రాన్సు ఏలుబడిలోని కరీబియన్ దీవిలో 1791లో బానిసలు తిరగబడి, 1804లో హైతీని స్వతంత్ర దేశంగా ప్రకటించుకున్నారు. భూస్వాములకు కలిగిన నష్టానికి పరిహారమంటూ ఫ్రాన్సు 1825లో యుద్ధనౌకలు పంపి పదిహేను కోట్ల ఫ్రాంకులు కట్టాలని వారినే నిర్బంధించింది. ఈ ఒక్క సంగతి చెబితే చాలు, ఆ రెండు పాఠాలనూ విడదీయడం ఎంత అసంబద్ధమో పిల్లలకు తెలుస్తుంది.

మన దగ్గర యంత్రాలూ, భూస్వామ్యం రద్దూ వచ్చిన వరుస వేరు. ఫ్రాన్సులో 1789 ఆగస్టు 4 రాత్రి భూస్వామ్య హక్కుల రద్దు తీర్మానం జరిగింది (భూస్వాములకు చెల్లించే చాలా సుంకాల రద్దుకు రైతులే పరిహారం కట్టాలన్న మెలిక 1793 దాకా తొలగలేదు, అది వేరే కథ). భారీ ఫ్యాక్టరీలు అక్కడ ఆ తర్వాతే విస్తరించాయి. ఇక్కడ మాత్రం ఇల్లందులో సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో, నిజాం పెద్ద కుమారుడి పేరిట వరంగల్‌లో ఆజంజాహి మిల్లు 1934లో మొదలైనా, పల్లెల్లో దొరల గడీల ముందు వెట్టిచాకిరీ సాగుతూనే ఉంది. మా నాన్న సైరన్ కూయగానే సద్దిగిన్నెతో మిల్లుకు వెళ్లి గంటల లెక్కన కూలి తెచ్చుకునేవారు. అదే రోజుల్లో, ఇక్కడికి ఒక పూట ప్రయాణంలో ఉన్న ఊళ్లలో, చాకలి, మంగలి, మాదిగ కుటుంబాలు కూలి మాటే లేకుండా దొర పని చేసేవి. దొరల పెత్తనానికి ఎదురునిలిచిన దొడ్డి కొమరయ్య కడవెండిలో 1946 జూలై 4న కాల్పుల్లో మరణించేనాటికి మన మిల్లుకు పన్నెండేళ్లు. యంత్రం వస్తే పాత వ్యవస్థ దానంతటదే కూలిపోతుందని పాఠాల్లో ధ్వనించే మాట మన జిల్లాలకు అన్వయించదని అందుకే అంటున్నాను.

మిల్లు 2002లో శాశ్వతంగా మూతపడింది. కొత్తవాడలో చేతిమగ్గాలు తగ్గినా ఇంకా ఆడుతున్నాయి. ఆ పాఠాలు చెప్పే వారంలో విద్యార్థులను ఒక పూట అక్కడికి తీసుకెళ్లి, నాడెను చేత్తో పట్టించి, ఆ తర్వాతే జాన్ కే పేరు చెప్పాలని నా తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ