సంపద పన్ను న్యాయమా కాదా అని ప్రజలను లెక్కలు చూపి అడగండి: కేంద్ర ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక శాఖ మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారములు.

నేను విజయవాడలో ముప్పై ఏళ్ళకు పైగా ఇతరుల పన్ను రిటర్నులు తయారుచేసి, ఇటీవలే ఆ వృత్తి నుంచి విరమించుకున్నవాణ్ణి. ఆదాయపు పన్ను కాగితాలతో పాటు, 2015లో రద్దయ్యే దాకా సంపద పన్ను కాగితాలు కూడా నా బల్ల మీదుగానే వెళ్ళేవి. మీరు 2014 నుంచి 2016 వరకు రాజ్యసభలో ఆంధ్రప్రదేశ్‌కు ప్రాతినిధ్యం వహించారు కనుక ఇక్కడి వారి మాట మీకు కొత్త కాదన్న నమ్మకంతో తెలుగులోనే రాస్తున్నాను. ఈ పన్ను ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ప్రజలు ఒప్పుకోరని కొందరు, ప్రజలే కోరుతున్నారని మరికొందరు వాదిస్తారు. ఎవరి మీద, దేని మీద, ఎంత అన్నది వివరంగా చెప్పి ప్రజలను అడిగినవారు మాత్రం ఇంతవరకు లేరు.

2024 సంవత్సరాన్నే చూడండి. లోక్‌సభ ఎన్నికల ప్రచారం నడుమ సంపద పంపిణీ, వారసత్వ పన్ను మాటలు వినబడి, భయం ఆడవాళ్ళ మెడలోని మంగళసూత్రాల దాకా పాకింది. ఎన్నికలు ముగిసిన నెలలోనే వెలువడిన ఇప్సోస్ అనే సంస్థ సర్వేలో, అతి సంపన్నుల సంపద మీద పన్ను వేయడాన్ని జీ20 దేశాలలో సగటున 68 శాతం మంది, మన దేశంలో 74 శాతం మంది సమర్థించారు. ప్రజలకు నిలకడ లేదని దీనికి అర్థం చెప్పడం అన్యాయం. వందల కోట్ల వాటాలున్న వ్యక్తి మీద పన్ను అంటే వారు సరేనన్నారు. పుట్టింటివారు పసుపు కుంకుమ కింద ఇచ్చిన అరెకరం మీద, కూతురి పెళ్ళికని ఏళ్ళ తరబడి కూడబెట్టిన కాసుల మీద పన్ను అంటే కలవరపడ్డారు. ఆ రెండింటికీ మధ్య గీత ఎక్కడ పడుతుందో చెప్పవలసింది ప్రభుత్వం.

ఆ కలవరం ఊరికే పుట్టినది కాదని నా అనుభవం చెబుతుంది. 2009 తర్వాత నికర సంపద 30 లక్షలు దాటితే, దాటిన మేరకు ఒక శాతం పన్ను ఉండేది. నా దగ్గరికి వచ్చే ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలికి తాను ఉంటున్న ఇల్లు కాక, భర్త ఎప్పుడో కొన్న ఖాళీ స్థలం ఒకటి ఉండేది. ఇంటికి మినహాయింపు ఉంది. నగరం పెరిగి ఆ స్థలం విలువ 42 లక్షలకు చేరింది. ఒంటి మీది బంగారం 8 లక్షలకు లెక్క తేలింది. పైసా రాబడి లేని ఆ ఆస్తి మీద ఆవిడ పింఛను సొమ్ములోంచి 20 వేలు కట్టారు. అదే నెలలో ఒక కంపెనీ యజమాని కాగితాలు కూడా నేనే చూశాను. ఆయనకున్నదంతా వాటాలు, డిపాజిట్లు. 1993 నుంచి వాటిని ఆ చట్టం సంపదగానే లెక్కించలేదు కాబట్టి, ఆయన కట్టవలసింది ఏమీ లేకపోయింది. “నాయనా, కట్టడానికి నాకు బాధ లేదు. నాకంటే కలవాళ్ళు కూడా కడుతున్నారా?” అని ఆవిడ అడిగారు. వృత్తి ధర్మం కొద్దీ ఆ రోజు నేను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్న నన్ను ఈనాటికీ వదలలేదు.

ఆర్థికవేత్త కాల్డర్ సిఫారసుల మీద 1957లో అప్పటి ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి గారు తెచ్చిన సంపద పన్ను చివరికి ఈ స్థితికి చేరింది. అంతకుముందే 1953 నాటి ఎస్టేట్ సుంకం (మరణించినవారి ఆస్తి మీద పన్ను) 1985లోను, 1958 నాటి బహుమతి పన్ను 1998లోను పోయాయి. 2013-14లో సంపద పన్ను ద్వారా దేశమంతటా వచ్చింది 1,008 కోట్లే. వసూలు ఖర్చు ఎక్కువ, రాబడి తక్కువ అని అరుణ్ జైట్లీ గారు 2015 బడ్జెట్‌లో దాన్ని రద్దు చేసి, కోటి రూపాయలకు పైబడిన ఆదాయం ఉన్నవారు కట్టే పన్ను మీద 2 శాతం అదనపు సర్‌ఛార్జి, అంటే పన్ను మీద పన్ను, వేశారు. దానివల్ల సుమారు 9,000 కోట్లు వస్తాయని అంచనా చెప్పారు. ఆనాటి రూపంలో ఉన్న పన్నును రద్దు చేయడం సబబేనని నేను ఇప్పటికీ అంటాను. దాని స్థానంలో వచ్చినదాని మీదనే నా అభ్యంతరం.

సర్‌ఛార్జి ఆదాయాన్ని బట్టి పడుతుంది, సంపదను బట్టి పడదు. రోజంతా శస్త్రచికిత్సలు చేసి కోటిన్నర సంపాదించే వైద్యుడు దాన్ని కడతాడు. వాటాలు అమ్మకుండా, డివిడెండు పెద్దగా తీసుకోకుండా, ఏటా వేల కోట్లు విలువ పెరిగిన ప్రమోటరు, అంటే కంపెనీని నడిపే ప్రధాన వాటాదారు, ఆ పెరుగుదల మీద ఏమీ కట్టనక్కరలేదు. పైగా ఆ సర్‌ఛార్జి కూడా నిలకడగా లేదు. 2019లో మీరే దాన్ని ఐదు కోట్లకు మించిన ఆదాయం ఉన్నవారికి 37 శాతానికి పెంచారు; 2023లో కొత్త పన్ను విధానంలో 25 శాతానికి తగ్గించారు. ఇంతగా చర్చకు రాని విషయం మరొకటి ఉంది. సంపద పన్ను రాష్ట్రాలతో పంచుకోవలసిన నిధిలో భాగం. సర్‌ఛార్జిలో రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాలకు వాటా లేదు. అంటే ఆ మార్పుతో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా అన్ని రాష్ట్రాలూ తమకు రావలసిన పాలు కోల్పోయాయి.

ఇక సామాన్యుడి సంపద మీద పన్ను లేదనుకోవడం కూడా పొరపాటే. ఆంధ్రప్రదేశ్ పట్టణాలలో 2021 నుంచి ఇంటి పన్నును అద్దె విలువకు బదులు మూలధన విలువ ఆధారంగా నిర్ణయిస్తున్నారు. ఇరవై ఏళ్ళ బ్యాంకు అప్పుతో కట్టుకున్న ఇంటికి కూడా పూర్తి విలువ మీదనే లెక్క. అప్పును అందులోంచి తీసివేయరు. ఏటా ఆస్తి విలువ మీద కట్టేదాన్ని సంపద పన్ను అనక మరేమంటాం? మధ్యతరగతి ఇల్లు దానికి లోబడి ఉండగా, ఏ రోజు విలువ ఆ రోజే తెలిసే డీమ్యాట్ ఖాతాలోని వాటాలు లోబడకపోవడం ప్రజలకు అన్యాయంగా తోస్తుంది. అసమానతలపై పరిశోధన చేసే వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అనే సంస్థ 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం 2022-23లో దేశ సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉంది.

అదే సంస్థ 10 కోట్లకు మించిన నికర సంపదపై ఏటా 2 శాతం పన్ను సూచించింది. ఆ హద్దు మా తెలుగు ప్రాంతాలకు చాలా తక్కువని మనవి చేస్తున్నాను. 2023 ఆగస్టులో హైదరాబాద్ శివారులోని కోకాపేట భూముల వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. అటువంటి చోట ఇంకా వ్యవసాయం చేసుకునే కుటుంబం కాగితం మీద కోటీశ్వరుల కుటుంబమే, చేతిలో మాత్రం పంట డబ్బులే ఉంటాయి. 1969లో సాగుభూమిని సంపద పన్ను కిందికి తెచ్చారని, 1971లో ధిల్లాన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించిందని గుర్తున్న రైతు భయపడకుండా ఎలా ఉంటాడు? సాగుభూమి, నివాసముంటున్న ఇల్లు, ఒక పరిమితి దాకా బంగారం దీనిలోకి రావని చట్టంలోనే రాసి, హద్దును వంద కోట్ల వద్ద పెడితే, నేను ఎరిగిన వందలాది కుటుంబాలలో ఒక్కరు కూడా దీనికి భయపడనక్కరలేదు.

పన్ను స్వరూపాన్ని బట్టి ప్రజల తీర్పు ఎంత మారుతుందో ఇతర దేశాలు చూపుతున్నాయి. పది కోట్ల యూరోలకు పైబడిన సంపదపై 2 శాతం పన్నును 2025 సెప్టెంబరులో ఫ్రాన్స్‌లో జరిగిన ఒక సర్వేలో 86 శాతం మంది సమర్థించారు. అక్కడి పార్లమెంటు మాత్రం దాన్ని ఆమోదించలేదు. స్విట్జర్లాండ్‌లో కాంటన్లన్నీ (అక్కడి రాష్ట్రాలు) ఏటా సంపద పన్ను వసూలు చేస్తాయి, ప్రజలు కడుతూనే ఉన్నారు. అదే ప్రజలు ఐదు కోట్ల ఫ్రాంకులు దాటిన వారసత్వంపై 50 శాతం పన్ను ప్రతిపాదనను 2025 నవంబరు 30న 78 శాతం ఓట్లతో తిరస్కరించారు. సంపన్నులు దేశం విడిచిపోతారన్న వాదనను నేను తేలికగా తీసుకోను. వెళ్ళిపోయేవారి విషయంలో ఏం చేయాలన్నది పన్నుతో పాటే ఆలోచించవలసిన సంగతి.

మీరు వెంటనే పన్ను వేయాలని నేను అడగడం లేదు. సంపద పన్ను రద్దయినప్పుడు, ఆస్తుల సమాచారం ఆదాయపు పన్ను రిటర్నులలో సేకరిస్తామని సభలో హామీ ఇచ్చారు. దాని ప్రకారమే ఆస్తులు, అప్పుల పట్టిక వచ్చింది. మొదట 50 లక్షలకు మించిన ఆదాయం ఉన్నవారు దాన్ని నింపవలసి ఉండగా, 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆ పరిమితిని కోటికి పెంచారు. అందులో కూడా కొన్న ధరనే రాయాలి, నేటి విలువ అక్కరలేదు. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం కింద ఫారాలు మారుతున్న ఈ సమయంలో, లిస్టయిన వాటాలకైనా మార్కెట్ విలువను ఆ పట్టికలో చేర్చండి. ఎవరి పేరూ బయటపెట్టకుండా, ఎన్ని కోట్ల శ్రేణిలో ఎందరున్నారో, వారు మొత్తం ఎంత ఆదాయపు పన్ను కట్టారో ఏటా ప్రచురించండి. ఆ అంకెల ఆధారంగా హద్దు, రేటు, మినహాయింపులు స్పష్టంగా రాసిన చర్చా పత్రాన్ని వచ్చే బడ్జెట్‌కు ముందు తెలుగుతో సహా అన్ని భారతీయ భాషలలో ప్రజల ముందుంచి, అభిప్రాయాలు చెప్పడానికి కనీసం మూడు నెలల గడువు ఇవ్వండి.

ఆ పత్రం వచ్చిన రోజున, మొదటి ప్రతిని ఆ ఉపాధ్యాయురాలికి నేనే తీసుకువెళ్ళి చదివి వినిపిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత పన్ను సలహాదారు,
విజయవాడ.